గుండె బొమ్మ ఒకటే, చదివే కళ్లు వేరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనమంతా 1982 నాటి నకారా తీర్పును తలచుకుంటాం. ఆ తీర్పు గురించి నాకంటె బాగా చెప్పగలిగిన వారు ముందే చెప్పారు. కరువు భత్యం గురించీ చెప్పారు. ఇక నాకు మిగిలింది గుండె. ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను డాక్టర్ని కాను గదా అన్నాను. "డాక్టర్లను పిలిస్తే వాళ్ల భాషలో చెప్పి వెళ్లిపోతున్నారు. మీరు చదివి మన భాషలో చెప్పండి" అన్నారు. అందుచేత నేను చెప్పేది వైద్యం కాదు. ఏ మందు వేసుకోవాలో, ఏ ఆపరేషన్ చేయించుకోవాలో నేను చెప్పను, చెప్పకూడదు. ఎకో, యాంజియోగ్రామ్, సి.టి. స్కాన్ అంటూ మన గుండెకు తీసే బొమ్మలను చదివేవారు ఎవరు, వారి అనుభవం వల్ల ఆ చదువులో ఎంత తేడా వస్తుంది అన్నదే నా విషయం.

ఈ సభలో ఉన్నవారిలో సగం మంది ఇళ్లలో ఎకో రిపోర్టు ఉండే ఉంటుంది. దాన్ని మనం రక్తపరీక్ష కాగితంలాగే చూస్తాం. చక్కెర 180 అంటే 180. అలాగే ఎకోలో 55 అంటే 55 అనుకుంటాం. అది పొరపాటు. రక్తంలో చక్కెరను యంత్రం కొలుస్తుంది. ఎకోలో ఆ 55 అంకె ఒక మనిషి కన్ను చూసి, మనసులో బేరీజు వేసి, చేత్తో రాసినది. యంత్రం బొమ్మను చూపించడం వరకే. చదవడం మనిషి పని.

నేను రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా చేరి, దస్తావేజుల మధ్యనే ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి. ఈ.సి. తీయడమంటే ఏమిటో మీలో చాలామందికి తెలుసు. 1998లో కార్డ్ పథకం కింద కంప్యూటర్లు రాకముందు, ఇండెక్స్ పుస్తకాలు ముందేసుకుని, ఊరు పేరు, సర్వే నంబరు వేలితో వెతుకుతూ పదమూడేళ్లవో ముప్పై ఏళ్లవో పేజీలు తిప్పేవాళ్లం. పుస్తకం ఒకటే, చేతిరాత ఒకటే, వెతికే సర్వే నంబరు ఒకటే. కాని కొత్తగా వచ్చిన గుమాస్తా వెతికితే ఒక లావాదేవీ దొరికేది, పాత గుమాస్తా వెతికితే మూడు దొరికేవి. కారణం ఏమంటే, 112/1 నంబరుకు ఈ.సి. అడిగితే కొత్తవాడు 112/1 దగ్గరే చూస్తాడు. పాతవాడు 112 మొత్తం నంబరు మీద ఏమైనా తనఖా ఉందా అని కూడా చూస్తాడు. ఒక ఆఫీసులో కొత్తవాడొకడికి మొదట్లోనే ఒక తనఖా దొరికింది. దొరికింది కదా అని మిగతా సంవత్సరాలు గబగబా తిప్పేశాడు. ఆ వెనక పేజీలలో రెండో తనఖా ఉంది. కొనుక్కున్న రైతు ఆరేళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు. ఈ ముచ్చట ఎందుకు చెబుతున్నానంటే, ఒకటి దొరకగానే వెతుకులాట సడలిపోవడమనే ఈ జబ్బుకు ఎక్స్‌రేలు, స్కాన్‌లు చదివే డాక్టర్లు కూడా ఒక పేరు పెట్టుకుని, దాని మీద ఎన్నో దశాబ్దాలుగా పరిశోధనలు చేస్తున్నారు. అది చదివినప్పుడు నాకు మా రికార్డు రూము వాసన ముక్కుకు తగిలినట్లయింది.

చదివేవారి మధ్య తేడా ఉంటుందన్న సంగతి వైద్యులకు మొదట తెలిసిన తీరు కూడా తమాషాగా ఉంటుంది. అది గుండె విషయంలో కాదు, క్షయ విషయంలో. అమెరికాలో చాలామందికి ఛాతీ ఎక్స్‌రేలు తీయాలనుకున్నారు. పెద్ద ఫిల్ము మంచిదా, చౌకగా వచ్చే చిన్న ఫిల్ము సరిపోతుందా అని తేల్చడానికి ఐదుగురు నిపుణులకు అన్ని రకాల ఫిల్ములూ ఇచ్చి చదివించారు. 1947లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఫిల్ము పెద్దదైనా చిన్నదైనా వచ్చిన తేడా కంటె, ఒక డాక్టరుకూ ఇంకొక డాక్టరుకూ మధ్య తేడా ఎక్కువగా ఉంది. అంతేకాదు, అదే డాక్టరుకు అదే ఫిల్ము కొంతకాలం తరువాత మళ్లీ ఇస్తే, తాను మొదట చెప్పినదానికి తానే భిన్నంగా చెప్పిన సందర్భాలూ తక్కువేమీ లేవు. ఫిల్ముల పరీక్ష పెడితే చదువరుల పరీక్ష అయిపోయింది.

ఇక గుండె దగ్గరకు వద్దాం. ఎకో పరీక్ష పుట్టింది స్వీడన్ దేశంలో, లుండ్ అనే ఊళ్లో. ఇంగే ఎడ్లర్ అనే గుండె వైద్యుడు, హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు కలిసి చేశారు. ఓడల లోహంలో పగుళ్లు కనిపెట్టడానికి వాడే శబ్ద తరంగాల యంత్రాన్ని మాల్మో ఓడల కర్మాగారం నుంచి శని, ఆదివారాలకు అరువు తెచ్చుకుని హెర్ట్జ్ తన గుండె మీదే పెట్టి చూసుకున్నాడట. 1953 అక్టోబరులో మొదటిసారి గుండె కదలికను నమోదు చేశారు. ఓడ పగులు వెదికే యంత్రంతో గుండె చూడవచ్చునన్న ఊహ ఎంత గొప్పదో చూడండి.

కాని ఎకోలో ఒక చిక్కు ఉంది.   పక్కటెముకల సందుల్లోంచి, ఊపిరితిత్తులు అడ్డం రాని చోటు వెతుక్కుని, ఆ చిన్న పరికరాన్ని ఛాతీ మీద ఏ కోణంలో ఆనిస్తారో ఆ కోణంలోనే గుండె కనబడుతుంది. లావుగా ఉన్నవారికీ, ఏళ్ల తరబడి పొగ తాగి ఊపిరితిత్తులు ఉబ్బినవారికీ బొమ్మ మసకగా వస్తుంది. అంటే ఇక్కడ చదివే కన్ను ఒక్కటే కాదు, పట్టుకునే చెయ్యి కూడా అనుభవం గలదై ఉండాలి. చెయ్యి చూపించని దాన్ని కన్ను చదవలేదు.

దీనికి మా ఇంట్లోనే ఉదాహరణ ఉంది. మా బావగారు, అంటే మా అక్కయ్య భర్త, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. రోజూ మూడు మైళ్లు నడిచే మనిషి, రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసపడడం మొదలుపెట్టారు. వాళ్ల ఊళ్లోనే ఒక ల్యాబ్‌లో ఎకో తీశారు. గుండె నుంచి రక్తం బయటకు పోయే ద్వారంలో ఉండే బృహద్ధమని కవాటం కొంచెం గట్టిపడింది, మధ్య రకం, ఏడాదికోసారి చూపించుకుంటే చాలు అని రాశారు. ఆయన నిశ్చింతగా ఇంటికి వచ్చారు. మా అక్కయ్య మాత్రం ఊరుకోలేదు. "మధ్య రకం అయితే మెట్ల మీద కూర్చుండిపోవడం ఏమిటిరా తమ్ముడూ" అని నాకు ఫోను చేసింది. నేను వెళ్లి, "బావగారూ, ఒక్కసారి పట్నంలో చూపిద్దాం రండి" అని తీసుకువెళ్లాను.

అక్కడ ఎకో తీసినావిడ వయసులో పెద్దావిడ. ఎడమ పక్కకు పడుకోబెట్టి అందరిలాగే చూసింది. తరువాత, "మాస్టారూ, ఇప్పుడు కుడిపక్కకు తిరగండి" అంది. కుడి రొమ్ము పక్కన పెన్సిలంత సన్నని పరికరం ఒకటి పెట్టి చాలాసేపు వెదికింది. మెడ కింద గుంటలోనూ పెట్టింది. మొత్తం ముప్పావుగంట పట్టింది. మొదటి ల్యాబ్‌లో ఆ కవాటం గుండా రక్తం దూకే వేగం సెకనుకు 3.2 మీటర్లు అని వచ్చింది. ఇక్కడ కుడిపక్క నుంచి చూస్తే 4.4 మీటర్లు వచ్చింది. 4 దాటితే తీవ్రమైనదిగా లెక్క. రెండు యంత్రాలూ మంచివే. తేడా ఎక్కడుందంటే, ఆ పరీక్షలో శబ్ద తరంగం రక్తధారకు సరిగ్గా ఎదురుగా పోతేనే అసలు వేగం తెలుస్తుంది. ఏటవాలుగా పోతే వేగం తక్కువగా చూపిస్తుంది. తక్కువే చూపిస్తుంది గాని ఎక్కువ చూపించదు. అందుకే అనుభవం ఉన్నవారు ఒక్కచోట దొరికినదానితో తృప్తిపడక నాలుగు చోట్ల వెతికి, అన్నింటిలోకి పెద్ద అంకెను తీసుకుంటారు. బావగారికి కవాటం మార్చారు. ఆయన ఇక్కడే మూడో వరుసలో కూర్చుని, నేను తమ పేరు చెబుతానేమోనని నా వంక కళ్లెర్ర చేస్తున్నారు. చెప్పను లెండి.

నాకు ఆ పెద్దావిడలో మా పాత హెడ్ గుమాస్తా కనబడ్డారు. 112/1తో ఆగకుండా 112 కూడా చూసే రకం.

ఎకో రిపోర్టులో అందరూ మొదట చూసే అంకె ఇ.ఎఫ్. గుండె ఒక్కసారి ముడుచుకున్నప్పుడు ఎడమ గదిలో ఉన్న రక్తంలో నూటికి ఎంత బయటకు పంపుతుందో ఆ లెక్క. మామూలు గుండెకు 50, 55 పైన ఉంటుంది. నూరు ఎవరికీ ఉండదు. అది పరీక్ష మార్కులు కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, మన సభ్యులొకరు కిందటేడు 62, ఈ ఏడు 56 వచ్చిందని వారం రోజులు నిద్రపోలేదు. ఆరు మార్కులు పోయాయని బెంగ. ఈ అంకెను చాలాచోట్ల డాక్టర్లు గుండె కదలికను కళ్లతో చూసి అంచనాగా వేస్తారు. గీతలు గీసి కొలిచినా, గీత ఎక్కడ గీయాలన్నది మళ్లీ కన్నే నిర్ణయించాలి. క్యాన్సరు మందులు వాడే రోగులకు ఈ అంకె పదే పదే చూడవలసి వస్తుంది గనుక, దాని నమ్మకం మీద 2013లో ఒక పరిశోధన అచ్చయింది. గుండెలో ఏ మార్పూ లేకపోయినా, మామూలు ఎకోలో ఒకసారికీ ఇంకొకసారికీ పది అంకెల వరకు తేడా రావచ్చునని తేలింది. కొత్తగా వచ్చిన త్రీడీ ఎకోలో ఆ తేడా ఆరుకు తగ్గింది. కనుక 62 కాస్తా 56 అయితే గుండె తగ్గిందని కాదు, చదివినవారు మారారేమో చూసుకోవాలి. 60 ఉన్నది 40 అయిందంటే అది వేరే సంగతి. అప్పుడు డాక్టరు గారి దగ్గరకు పరుగెత్తవలసిందే.

అనుభవమంటే ఎన్నేళ్ల సర్వీసు అని కాదు, ఆ పనిలో ఎంత అనుభవం అన్నది ముఖ్యం. దీనికి ఇటలీలో పీసా నగరం నుంచి 1991లో వచ్చిన పరిశోధన ప్రసిద్ధం. స్ట్రెస్ ఎకో అని ఒకటుంది. మందు ఇచ్చి గుండెకు శ్రమ కల్పించి, ఆ శ్రమలో ఏ గోడ సరిగా కదలడం లేదో చూస్తారు. మామూలు ఎకోలో చెయ్యి తిరిగినా స్ట్రెస్ ఎకో కొత్త అయిన డాక్టర్లకూ, అందులోనే పండిన డాక్టర్లకూ అవే వీడియో టేపులు ఇచ్చి చదివించారు. పండినవారు నూటికి సుమారు 85 సరిగా చెప్పారు. కొత్తవారు 60 పైచిలుకు మాత్రమే చెప్పగలిగారు. రూపాయి బిళ్ల ఎగరేసి బొమ్మా బొరుసా చూసినా నూటికి 50 సరిపోతాయి గదా! ఆ కొత్తవారిలో కొందరిని పెద్దవారి పక్కన కూర్చోబెట్టి సుమారు వంద పరీక్షలు చదివించి మళ్లీ పరీక్ష పెడితే, దాదాపు పెద్దవారితో సమానమయ్యారు. మామూలు ఎకోలో ఉన్న అనుభవం స్ట్రెస్ ఎకోకు అక్కరకు రాలేదు, పెద్దవారి పక్కన చదివిన ఆ వందే అక్కరకు వచ్చింది. ట్రెజరీలో బిల్లులు పాస్ చేసిన దిట్టను తెచ్చి సర్వే ఆఫీసులో ఎఫ్.ఎం.బి. చదవమంటే ఏమవుతుందో మనకు తెలియంది కాదు.

సి.టి. యాంజియోగ్రాముకు కూడా ఇలాంటి లెక్కే పెట్టుకున్నారు. అమెరికా గుండె వైద్యుల సంఘాలు 2005లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, స్వతంత్రంగా రిపోర్టు రాయాలంటే అప్పట్లో కనీసం 150 కేసులు పెద్దవారి దగ్గర చదివి ఉండాలన్నారు. ల్యాబ్‌ను నడపాలంటే 300 అన్నారు. మన వయసువారికి సి.టి.లో ఇంకో ఇబ్బంది ఉంది. వయసుతోపాటు నాళాలలో సున్నం పేరుకుంటుంది. సి.టి. బొమ్మలో ఆ సున్నం దీపం చుట్టూ వెలుగు పరచుకున్నట్లు ఉన్నదానికంటె పెద్దదిగా కనబడుతుంది. దాంతో సన్నగా అడ్డున్నది పెద్ద అడ్డుగా తోస్తుంది. అనుభవం ఉన్నవారు దీన్ని లెక్కలోంచి తీసేసి చదువుతారు. పరీక్షకు ముందు గుండె వేగం తగ్గడానికి మాత్ర ఇవ్వడం, ఊపిరి బిగబట్టమనడం ఇందుకే. గుండె వేగంగా కొట్టుకుంటే, ఊపిరి వదిలేస్తే బొమ్మ చెదిరిపోతుంది. అక్కడ మన వంతు పని మనం సరిగా చేయాలి.

ఇప్పుడు అసలు డబ్బూ భయమూ రెండూ ఉన్న చోటుకు వస్తున్నాను. అదే యాంజియోగ్రామ్. 1958లో అమెరికాలో క్లీవ్‌లాండ్ ఆసుపత్రిలో మేసన్ సోన్స్ అనే వైద్యుడు వేరే పరీక్ష చేస్తుండగా, గొట్టం జారి రంగుమందు గుండె నాళంలోకే పోయింది. రోగికి ప్రాణం పోతుందనుకుని అందరూ హడలిపోయారు. ఏమీ కాలేదు. నాళాలను సూటిగా బొమ్మ తీయవచ్చునని ఆ రోజు తెలిసింది. నేటి స్టెంట్లు, బైపాస్‌లు అన్నింటికీ ఆ జారిన గొట్టమే మూలం.

యాంజియోగ్రామ్ చూపించేది నాళం లోపలి నీడను. ఆ నీడ ఎంత సన్నబడిందో కంటితో చూసి 50 శాతం, 70 శాతం, 90 శాతం అడ్డు అని చెబుతారు. 1976లో బోస్టన్‌లో నలుగురు అనుభవజ్ఞులకు 20 యాంజియోగ్రాములు ఇచ్చి విడివిడిగా చదవమన్నారు. గుండె ముందు భాగానికి రక్తమిచ్చే పెద్ద నాళం పైభాగంలో, నడిమి భాగంలో చెప్పుకోదగిన అడ్డు ఉందా లేదా అన్నదానిపై నలుగురూ ఒక్క మాట మీదకు వచ్చింది 13 కేసుల్లోనే. అది పాతకాలం అనుకుంటారేమో. 2013లో అచ్చయిన ఇంకొక అమెరికా పరిశోధనలో, స్టెంటు వేసిన డాక్టర్లు కంటితో చెప్పిన శాతాలను కంప్యూటరు కొలతతో పోల్చారు. కంటి లెక్క సగటున 8 శాతం ఎక్కువగా ఉంది. ఇది మోసమని నేను అనడం లేదు. తాను చేయబోయే పని అవసరమైనదేనని నమ్మినవారి కన్ను కాస్త అటు మొగ్గుతుంది. మన ఆఫీసుల్లో కూడా శాంక్షన్ చేయదలచుకున్న ఫైలులో లోపాలు తక్కువగా కనబడేవి గదా.

మరి నిజం తేలేదెట్లా? పైపులో కుళాయి ఎంత బిగించి ఉందో బయటనుంచి చూసి చెప్పడం కంటె, అవతల నీళ్ల ఒత్తిడి ఎంతుందో చూడడం మేలు. అట్లాగే వెంట్రుకంత సన్నని తీగను అడ్డు దాటించి, అవతలి రక్తపు ఒత్తిడిని ఇవతలి ఒత్తిడితో భాగించి చూస్తారు. దీన్ని ఎఫ్.ఎఫ్.ఆర్. అంటారు. 0.80 లేదా అంతకు తక్కువ వస్తే అడ్డు వల్ల గుండెకు రక్తం చాలడం లేదని అర్థం. 2009లో అచ్చయిన ఫేమ్ అనే పరిశోధనలో 1005 మంది రోగులను తీసుకున్నారు. కంటికి 50 నుంచి 70 శాతం అడ్డుగా కనబడిన వాటిలో నిజంగా రక్తాన్ని ఆపుతున్నవి నూటికి 35 మాత్రమే. 71 నుంచి 90 శాతం కనబడిన వాటిలో నూటికి 80. తొంభై దాటినవైతే నూటికి 96. అంటే రెండు చివర్ల దగ్గర కన్ను బాగానే పనిచేస్తుంది, నడుమ తడబడుతుంది. తీగతో చూసి అవసరమైనచోటే స్టెంటు వేసినవారికి స్టెంట్లు తక్కువ పడ్డాయి, ఏడాదిలో వచ్చిన ఇబ్బందులూ తక్కువే.

మన సంఘ సభ్యులొకరికి 65 శాతం అడ్డు, రేపే స్టెంటు వేయాలి అన్నారు. ఆయనకు ఛాతీ నొప్పి లేదు, పరీక్షల్లో ఏదో అనుమానం వచ్చి యాంజియోగ్రామ్ చేశారు. ఇంట్లో గాజులు కుదువ పెట్టడానికి సిద్ధమయ్యారు. నాలుగు రోజులు వాయిదా అడిగి, సీడీ పట్టుకుని ఇంకొక పెద్దాయన దగ్గరకు వెళ్లారు. ఆయన తీగ పెట్టి చూస్తే 0.87 వచ్చింది. మందులిచ్చి పంపించారు. గాజులు ఇంట్లోనే ఉన్నాయి, ఆయన మన రిలే నిరాహార దీక్షలో మొదటి రోజే కూర్చున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. నేను చెప్పిన వాయిదా సంగతి నిలకడగా ఉన్న మనిషికి. ఛాతీలో రాయి పెట్టినట్లు బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చప్పున వచ్చిన ఆయాసం ఉంటే అది రెండో అభిప్రాయం అడిగే వేళ కాదు. గుండెపోటులో నాళం పూర్తిగా మూసుకుపోతుంది, ప్రతి నిమిషానికీ కండరం చస్తుంది. దగ్గరలో ఉన్న ఆసుపత్రికి వెళ్లి వాళ్లు చెప్పినట్లు చేయండి. గ్యాస్ అని సోడా తాగి పడుకున్న మిత్రుణ్ణొకణ్ణి మనం పోగొట్టుకున్నాం. ఆయన భార్య ఈ సభలో ఉన్నారు. అంతకంటె చెప్పను.

మళ్లీ విషయానికి వస్తాను. అనుభవం ఎక్కువైతే అంతా సరిగా కనబడుతుందా అంటే అదీ కాదు. 2013లో అమెరికాలో 24 మంది రేడియాలజీ నిపుణులకు ఊపిరితిత్తుల సి.టి. బొమ్మలిచ్చి కంతులు వెతకమన్నారు. ఆ బొమ్మల్లో ఒకచోట కంతికి 48 రెట్లు పెద్దదైన గొరిల్లా బొమ్మను అంటించారు. 24 మందిలో 20 మంది దాన్ని చూడనే లేదు. కళ్లు దాని మీదుగా పోయాయి గాని మనసు కంతి కోసం వెతుకుతున్నది. ఇది గుండె బొమ్మ కాకపోయినా, చదివే కన్ను గుండె దగ్గర మాత్రం వేరుగా ఉండదు. దేనికోసం వెతుకుతున్నారో అదే కనబడుతుంది. అందుచేత పరీక్షకు పంపే చీటీలో ఏం రాశారన్నది ముఖ్యం. చాలాసార్లు అందులో ఛాతీ నొప్పి అని రెండు మాటలే ఉంటాయి. మెట్లెక్కితే ఆయాసం, పదేళ్ల క్రితం స్టెంటు వేశారు, చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చింది అన్న సంగతులు మనమే నోరు తెరిచి చెప్పాలి. పాత రిపోర్టు పక్కన పెట్టాలి. కింది ఫైలు జతపరచకుండా కొత్త నోట్ పెడితే అధికారి ఏం రాస్తాడు?

మా ఇంటావిడ విషయం ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఆమెకు థాలియం స్కాన్ అన్నారు. ఇప్పుడు ఎక్కువచోట్ల వాడేది టెక్నీషియం అయినా పాత పేరే నిలిచిపోయింది. గుండె ముందు గోడకు రక్తం తక్కువగా ఉందని మొదటి రిపోర్టు వచ్చింది. ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలిగినా ఎవరికీ అన్నం దిగలేదు. తరువాత ఆ శాఖలో పెద్ద డాక్టరు గారు అవే బొమ్మలను మళ్లీ చూశారు. ముద్రించిన రంగుల బొమ్మ చూడలేదాయన. కెమెరా తిరుగుతుండగా తీసిన అసలు బొమ్మలను సినిమాలాగ ఆడించి చూశారు. "అమ్మా, ఇది గుండె జబ్బు కాదు, రొమ్ము నీడ. మచ్చ ఉందన్నచోట కండరం ఎంత చక్కగా ముడుచుకుంటున్నదో చూడండి" అని తెర మీద చూపించారు. ఆడవారికి ముందు గోడ మీద రొమ్ము నీడ, మగవారికి కింది గోడ మీద పొట్ట పైనుండే పొర నీడ పడడం ఈ పరీక్షలో బాగా తెలిసిన సంగతే. నీడను నీడగా గుర్తుపట్టడమే అక్కడి అనుభవం. మళ్లీ పరీక్ష చేయలేదు, మళ్లీ బిల్లు కట్టలేదు. ఉన్న బొమ్మనే ఇంకొకరు చదివారు, అంతే.

కంప్యూటరే చదివేస్తే ఈ గొడవ ఉండదు గదా అని మా మనవడు అంటాడు. వాడి మాటలో కొంత నిజముంది. 2023లో అమెరికాలో 3,495 ఎకో పరీక్షలలో ఇ.ఎఫ్. అంచనాను కొన్నింటికి టెక్నీషియన్ చేత, కొన్నింటికి కృత్రిమ మేధ చేత వేయించి, ఎవరు వేశారో చెప్పకుండా గుండె డాక్టర్లకు ఇచ్చారు. టెక్నీషియన్ వేసిన వాటిలో నూటికి 27 డాక్టర్లు చెప్పుకోదగినంతగా దిద్దారు. యంత్రం వేసిన వాటిలో నూటికి 17 మాత్రమే దిద్దారు. ఏది ఎవరు వేసిందో డాక్టర్లు పోల్చుకోలేకపోయారు కూడా. మంచిదే. కాని మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చినప్పుడు ఈ.సి. నిమిషాల మీద వచ్చేది గాని, ఎక్కించేటప్పుడు సర్వే నంబరు తప్పు కొడితే ఆ తప్పు కూడా నిమిషాల మీదే వచ్చేది. బావగారి కుడిపక్క పరికరం పెట్టాలన్న ఆలోచన ఆ పెద్దావిడకు వచ్చింది. పెట్టని చోట బొమ్మ ఉండదు, లేని బొమ్మను ఏ యంత్రమూ చదవదు.

మరి మనలాంటి వాళ్లం ఏం చేయగలం? డాక్టరు గారిని, మీకు అనుభవం ఎంత అని అడగడం మన మర్యాద కాదు. అడిగితే ఆయనకు కోపం రావచ్చు కూడా. కాని "అయ్యా, ఈ పరీక్ష ఇక్కడ తరచుగా చేస్తారా? రిపోర్టు చూసి సంతకం పెట్టేది ఎవరండీ?" అని మెల్లగా అడగవచ్చు. "బొమ్మ స్పష్టంగా వచ్చిందా?" అని అడగడం ఇంకా మంచిది. బొమ్మ మసకగా ఉంటే ఎంత అనుభవజ్ఞులైనా ఒకరితో ఒకరు విభేదిస్తారని చాలా పరిశోధనలలో తేలింది. మంచి ల్యాబ్‌లు బొమ్మ నాణ్యత సరిగా లేదని రిపోర్టులోనే రాస్తాయి. అలా రాసినవారిని నేను ఎక్కువ నమ్ముతాను. ఏటేటా చూపించుకునే జబ్బయితే వీలైనంతవరకు ఒకేచోట చూపించుకోండి, చదివే కన్ను మారకుండా ఉంటుంది. కాగితం మీది మాటకూ మీ ఒంటి తీరుకూ పొత్తు కుదరకపోతే, మా అక్కయ్యలాగ ఊరుకోకుండా ఉండండి.

అన్నిటికంటె ముఖ్యంగా బొమ్మలను దాచుకోండి. రిపోర్టు కాగితం వైద్య ఖర్చుల బిల్లుకు జతచేసి పంపేస్తాం, సీడీ ఎక్కడో పారేస్తాం. రిపోర్టు ఒకరి చదువు, సీడీ అసలు దస్తావేజు. డిశ్చార్జి అయ్యేటప్పుడే యాంజియోగ్రామ్ సీడీ అడిగి తీసుకోండి, ఏడాది తరువాత అడిగితే దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. బిల్లుకు జిరాక్సు పెట్టండి, ఒక కాపీ ఇంట్లో ఉంచండి. సీడీల మీద పేరు, తేదీ మీరే రాసుకోండి, కవరు మీద కాదు. ఈమధ్య వస్తున్న కంప్యూటర్లలో సీడీ పెట్టే అర ఉండడం లేదు. మన సంఘ కార్యాలయంలోని పాత కంప్యూటరుకు ఇంకా ఉంది. మంగళ, శుక్రవారాలు ఉదయం పది నుంచి పన్నెండు వరకు నేను అక్కడే ఉంటాను. సీడీ, ఒక పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే ఎక్కించి ఇస్తాను. చదివి చెప్పమని మాత్రం అడగకండి.